ఇంగ్లాండు నేషనల్ హెల్త్ సర్వీస్ సంస్కరణలు

నేషనల్ హెల్త్ సర్వీస్ (సంక్షిప్తంగా ఎన్.హెచ్.ఎస్.) ఇంగ్లాండులో ప్రజలందరికీ వైద్యం అందించే ప్రభుత్వ వ్యవస్థ. ఇది ప్రధానంగా పన్నుల సొమ్ముతో నడుస్తుంది. చికిత్స సమయంలో రోగి నుండి రుసుము తీసుకోకపోవడం దీని ముఖ్య లక్షణం. 1948లో మొదలైన నాటి నుండి నిధులు చాలకపోవడం, ఆ లోటును పూడ్చడానికి పరిపాలనను మార్చడం ఈ సంస్థ చరిత్రలో పదే పదే కనిపిస్తాయి. వాటిలో 2010 తరువాతి దశాబ్దం ముఖ్యమైనది. ఆ కాలంలో వైద్య బడ్జెట్టును నేరుగా తగ్గించలేదు. దాని పెరుగుదలను బాగా నెమ్మదింపజేసి, కోతలను ఆసుపత్రి గోడల వెలుపల ఉన్న సేవలపై విధించారు. ఆ భారం మళ్ళీ ఆసుపత్రుల మీదికే వచ్చి చేరింది.

పరిధి

యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఇంగ్లాండు, స్కాట్లాండు, వేల్స్, ఉత్తర ఐర్లాండులకు వేర్వేరు ఆరోగ్య సేవలు ఉన్నాయి. 1999లో అధికార వికేంద్రీకరణ జరిగిన తరువాత వీటి దారులు మరింత వేరయ్యాయి. ఉదాహరణకు మందుల చీటీపై వసూలు చేసే రుసుమును వేల్స్ 2007లో, ఉత్తర ఐర్లాండు 2010లో, స్కాట్లాండు 2011లో రద్దు చేశాయి. ఇంగ్లాండులో అది కొనసాగుతోంది. అయితే వృద్ధులు, పిల్లలు, తక్కువ ఆదాయం గలవారు వంటి పలు వర్గాలకు మినహాయింపు ఉన్నందున చాలావరకు మందులు ఉచితంగానే అందుతాయి. ఈ వ్యాసం ఇంగ్లాండుకు సంబంధించినది.

తొలి దశ

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విలియం బెవరిడ్జ్ 1942లో సమర్పించిన నివేదిక సార్వత్రిక వైద్య సేవను సామాజిక భద్రతకు పునాదిగా పేర్కొంది. క్లెమెంట్ అట్లీ నాయకత్వంలోని లేబర్ ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రిగా ఉన్న అన్యూరిన్ బెవన్ 1948 జూలై 5న ఎన్.హెచ్.ఎస్.ను ప్రారంభించాడు. ధర్మ సంస్థలు, పురపాలక సంఘాలు నడిపే సుమారు 2,700 ఆసుపత్రులు ఒక్కసారిగా జాతీయం అయ్యాయి. కుటుంబ వైద్యులు (జనరల్ ప్రాక్టీషనర్లు, వాడుకలో జీపీలు) మాత్రం ప్రభుత్వ ఉద్యోగులు కాలేదు. వారు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న స్వతంత్ర వైద్యులుగానే ఉండిపోయారు. ఈ ఏర్పాటు ప్రధానంగా నేటికీ అలాగే ఉంది.

అందరికీ వైద్యం అందితే రోగాలు తగ్గి, కొంతకాలానికి ఖర్చు కూడా తగ్గుతుందని తొలినాళ్ళలో కొందరు ఆశించారు. జరిగింది వేరు. కళ్ళజోళ్ళకు, కట్టుడు పళ్ళకు అంచనాలను మించి జనం వచ్చారు. ఏళ్ళ తరబడి చూపు సరిగా లేకుండా, పళ్ళు లేకుండా గడిపినవారు అంతమంది ఉన్నారన్నమాట. కొరియా యుద్ధం కారణంగా రక్షణ వ్యయం పెరగడంతో 1951 బడ్జెట్టులో ఆర్థిక మంత్రి హ్యూ గైట్‌స్కెల్ వీటిపై రుసుము ప్రతిపాదించాడు. దానికి నిరసనగా బెవన్ ఆ ఏడాది ఏప్రిల్‌లో మంత్రి పదవికి రాజీనామా చేశాడు. మరుసటి ఏడాది కన్సర్వేటివ్ ప్రభుత్వం మందుల చీటీపై ఒక షిల్లింగు రుసుము విధించింది.

దుబారా జరుగుతోందన్న అనుమానంతో 1953లో నియమించిన గిల్బో కమిటీ 1956లో నివేదిక ఇచ్చింది. దుబారా జరుగుతున్నదనడానికి ఆధారం దొరకలేదని, జాతీయోత్పత్తిలో ఆరోగ్య సేవ వాటా 1949-50లో ఉన్న 3.75 శాతం నుండి 1953-54 నాటికి 3.25 శాతానికి తగ్గిందని కమిటీ తేల్చింది. ఆసుపత్రి భవనాలపై మరింత ఖర్చు పెట్టాలని కూడా సూచించింది. పొదుపు మార్గాలు వెదకడానికి వేసిన కమిటీ ఖర్చు పెంచమని చెప్పడం విశేషం. భవనాలను గురించిన ఈ సూచన డెబ్భై ఏళ్ళ తరువాత ఇంచుమించు అదే రూపంలో మళ్ళీ వినిపించింది.

మేనేజర్లు, అంతర్గత విపణి

1980ల వరకు ఆసుపత్రి పాలన వైద్యులు, నర్సులు, పాలనాధికారుల ఏకాభిప్రాయంతో సాగేది. ఒక్కరు కాదన్నా నిర్ణయం ఆగిపోయేది. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం కోరిక మేరకు సెయిన్స్‌బరీ దుకాణాల సంస్థకు చెందిన రాయ్ గ్రిఫిత్స్ 1983లో ఈ పద్ధతిని పరిశీలించి, ప్రతి స్థాయిలోనూ బాధ్యత వహించే జనరల్ మేనేజరు ఒకరు ఉండాలని సిఫారసు చేశాడు.

1990 నాటి చట్టం మరొక అడుగు ముందుకు వేసి, 1991 ఏప్రిల్ నుండి సేవలను కొనేవారిని, అందించేవారిని వేరు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం తెలిసినవారికి ఈ పద్ధతి సులభంగానే అర్థమౌతుంది. ఒక సంస్థ డబ్బు చెల్లిస్తుంది, మరొక సంస్థ చికిత్స చేస్తుంది. తేడా ఏమిటంటే ఇంగ్లాండులో ఈ రెండు వైపులా ఉన్నవి చాలావరకు ప్రభుత్వ సంస్థలే. అందువలన దీనికి అంతర్గత విపణి అనే పేరు వచ్చింది. స్కాట్లాండు, వేల్స్ ఈ పద్ధతిని తరువాత విడిచిపెట్టాయి.

2000వ దశకంలో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం నిధులను విరివిగా పెంచింది. అత్యవసర విభాగానికి వచ్చినవారిని నాలుగు గంటల లోపు చూసి పంపించడం లేదా చేర్చుకోవడం, జీపీ పంపిన రోగికి 18 వారాల లోపు చికిత్స ప్రారంభించడం వంటి లక్ష్యాలు ఈ కాలానికి చెందినవే. ఆ దశాబ్దం చివరికి ఇవి చాలావరకు నెరవేరాయి కూడా. ఇదే కాలంలో కొత్త ఆసుపత్రులను ప్రైవేటు పెట్టుబడితో కట్టించి, దశాబ్దాల పాటు వాయిదాలలో తిరిగి చెల్లించే పద్ధతి విస్తరించింది. ఆ వాయిదాల భారం అనేక ట్రస్టుల పద్దులలో ఇంకా కొనసాగుతోంది. (ఆసుపత్రులను నడిపే ప్రభుత్వ సంస్థలను ఇంగ్లాండులో ట్రస్టులు అంటారు.)

స్టాఫర్డ్ ఉదంతం

పొదుపు ఏ దారి పట్టగలదో తెలియజేసే ఉదాహరణ స్టాఫర్డ్‌షైరులోని స్టాఫర్డ్ ఆసుపత్రి. దీనిని నడిపే మిడ్ స్టాఫర్డ్‌షైర్ ట్రస్టు ఎక్కువ స్వయంప్రతిపత్తి లభించే ఫౌండేషన్ ట్రస్టు హోదా కోసం ప్రయత్నించింది. ఆ హోదాకు పద్దులు సరిగా ఉండాలి. 2006-07లో కోటి పౌండ్ల పొదుపు కోసం ట్రస్టు సుమారు 150 ఉద్యోగాలను తగ్గించింది. 2008 ఫిబ్రవరిలో హోదా లభించింది. ఆ వార్డులలోనే రోగులు తాగడానికి నీళ్ళు అందక, మలమూత్రాలతో తడిసిన పక్కల మీద గంటల తరబడి ఉండవలసి వచ్చిందని తరువాతి విచారణలలో బయటపడింది. చనిపోయినవారి బంధువులు పట్టువిడవకుండా పోరాడినందువలననే ఈ సంగతి వెలుగులోకి వచ్చింది. న్యాయవాది రాబర్ట్ ఫ్రాన్సిస్ అధ్యక్షతన జరిగిన బహిరంగ విచారణ 2013 ఫిబ్రవరిలో 290 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. లక్ష్యాలపై, ఆర్థిక సమతూకంపై పెట్టిన దృష్టి రోగిపై పెట్టకపోవడాన్ని ఆ నివేదిక తప్పుపట్టింది.

2010 తరువాతి పొదుపు

2008 ఆర్థిక సంక్షోభం తరువాత బ్రిటన్ లోటు జాతీయోత్పత్తిలో సుమారు పదవ వంతుకు చేరింది. ఎన్.హెచ్.ఎస్. ముఖ్య కార్యనిర్వాహకుడు డేవిడ్ నికల్సన్ 2009లోనే, 1,500 నుండి 2,000 కోట్ల పౌండ్ల మేరకు సామర్థ్యం పెంచుకోవలసి ఉంటుందని హెచ్చరించాడు. ఇది నికల్సన్ సవాలుగా పేరు పొందింది. 2010 మే నెలలో అధికారంలోకి వచ్చిన డేవిడ్ కామెరాన్ సంకీర్ణ ప్రభుత్వం అనేక శాఖల బడ్జెట్టులను తగ్గిస్తూ, ఆరోగ్య బడ్జెట్టును మాత్రం కాపాడతామని ప్రకటించింది. ధరల పెరుగుదలను మినహాయిస్తే, 1948 నుండి ఏటా సగటున 3.5 శాతానికి పైగా పెరుగుతూ వచ్చిన వ్యయం, 2010 తరువాతి దశాబ్దంలో ఏటా ఒక శాతం కంటే కొంచెం ఎక్కువగా మాత్రమే పెరిగింది. జనాభా, అందులో వృద్ధుల సంఖ్య, మందుల ధరలు పెరుగుతున్నందున ఈ పెరుగుదల ఆచరణలో కోతతో సమానమైంది.

పొదుపు ఆసుపత్రికి చేరిన మార్గాలు మూడు. మొదటిది జీతాలు. రెండేళ్ళ పాటు జీతాలను స్తంభింపజేసి, ఆపైన 2017 వరకు ఏటా ఒక శాతం పెంపుతో సరిపెట్టారు. రెండవది చికిత్సల ధర. ఒక్కొక్క చికిత్సకు ప్రభుత్వం ఆసుపత్రికి చెల్లించే ధరలో ఏటా సుమారు 4 శాతం సామర్థ్యం పేరుతో మినహాయించేవారు. మూడవది అంతగా ప్రచారం పొందనిది. 2008-09 నాటి స్థాయిని మించి అత్యవసరంగా చేరే రోగులకు 2010 నుండి మామూలు ధరలో 30 శాతమే చెల్లించారు. అనవసరంగా రోగులను చేర్చుకోకుండా చూడడం దీని ఉద్దేశం. కాని రాత్రివేళ అంబులెన్సులో వచ్చిన ముసలివారిని చేర్చుకోనని ఏ ఆసుపత్రీ అనలేదు. ఆ రోగి ఇంటి దగ్గరే ఉండేలా చూడవలసిన సేవలు వేరే సంస్థల చేతిలో ఉండేవి. 2015లో ఈ వాటాను 70 శాతానికి పెంచారు.

2012 చట్టం

ఇంత బిగువైన కాలంలో ఆరోగ్య మంత్రి ఆండ్రూ లాన్స్‌లీ మొత్తం పాలనా నిర్మాణాన్నే మార్చే బిల్లును తెచ్చాడు. పై నుండి రుద్దే పునర్వ్యవస్థీకరణలు ఇక ఉండవని సంకీర్ణ ఒప్పందంలో చెప్పిన కొద్ది వారాలకే దీని శ్వేతపత్రం వెలువడింది. వైద్య సంఘాల వ్యతిరేకత వలన 2011లో బిల్లును కొంతకాలం ఆపి అభిప్రాయాలు సేకరించారు. 2012 మార్చి 27న అది చట్టమై, 2013 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. 150కి పైగా ఉన్న ప్రాథమిక సేవా ట్రస్టులు, పది ప్రాంతీయ ఆరోగ్య అథారిటీలు రద్దయ్యాయి. వాటి స్థానంలో జీపీలు సభ్యులుగా 211 స్థానిక కొనుగోలు బృందాలు, జాతీయ స్థాయిలో ఎన్.హెచ్.ఎస్. ఇంగ్లాండు అనే సంస్థ ఏర్పడ్డాయి. వ్యాధి నివారణ బాధ్యత పురపాలక, కౌంటీ మండలులకు (కౌన్సిళ్ళకు) బదిలీ అయింది.

ఈ మార్పు అంతరిక్షం నుండి చూసినా కనిపించేంత పెద్దదని నికల్సన్ వ్యాఖ్యానించాడు. దీనికి వంద కోట్ల పౌండ్లకు పైగా ఖర్చయింది. ఉద్యోగాలు పోయినందుకు పరిహారం అందుకున్నవారిలో కొందరిని తిరిగి వేరే పేరు గల సంస్థలలో నియమించుకోవలసి వచ్చింది. పాఠకులు ఈ సంస్థల పేర్లన్నీ గుర్తుంచుకోనవసరం లేదు. 2022లో మరొక చట్టం ఆ 211 బృందాలలో అప్పటికి మిగిలిన వాటన్నిటినీ రద్దు చేసి, 42 సమీకృత సేవా మండళ్ళను ఏర్పాటు చేసింది. పోటీని పెంచాలన్నది 2012 చట్టం ఆశయం కాగా, దానిని పక్కన పెట్టి సహకారాన్ని పెంచాలన్నది 2022 చట్టం ఆశయం.

కోతలు పడిన చోటు

ఇంగ్లాండులో వైద్యం ఉచితమే గాని, వృద్ధులకు, వికలాంగులకు స్నానం చేయించడం, అన్నం తినిపించడం, వృద్ధాశ్రమంలో ఉంచి చూసుకోవడం వంటివి వైద్యంగా లెక్కకు రావు. వీటిని సామాజిక సంరక్షణ అంటారు. ఇది స్థానిక మండలుల బాధ్యత. దీనికి ఆస్తి పరీక్ష ఉంది: 23,250 పౌండ్లకు మించి ఆస్తి గలవారు తమ ఖర్చు తామే భరించాలి. ఈ పరిమితిని 2010 నుండి మార్చలేదు. వృద్ధాశ్రమంలో చేరినవారి విషయంలో చాలా సందర్భాలలో ఇంటి విలువను కూడా లెక్కిస్తారు.

ఆరోగ్య బడ్జెట్టుకు లభించిన రక్షణ ఈ సేవలకు లభించలేదు. 2010-11, 2017-18ల మధ్య స్థానిక మండలులకు కేంద్రం ఇచ్చే నిధులు దాదాపు సగానికి తగ్గాయి. ఇంటికి వెళ్ళి చూసుకునే సహాయకులు తగ్గారు. ఫలితం ఆసుపత్రి పడకల వద్ద కనిపించింది. వ్యాధి నయమైనా, ఇంటి వద్ద చూసేవారు లేనందువలన ఇంటికి పంపలేని రోగులు వార్డులలో ఉండిపోయారు. 2023లో ఇటువంటి రోగులు రోజుకు సుమారు 12 వేల నుండి 14 వేల వరకు ఉండేవారు. పడక ఖాళీ కాకపోతే అత్యవసర విభాగం నుండి కొత్త రోగి వార్డుకు వెళ్ళలేడు. ఆ విభాగం నిండితే బయట అంబులెన్సులు బారులు తీరుతాయి. ఆ అంబులెన్సు రాక కోసం మరెక్కడో గుండెపోటు వచ్చిన మనిషి ఎదురుచూస్తూ ఉంటాడు. మండలి బడ్జెట్టులో ఆదా అయిన సొమ్ము ఈ విధంగా అంతకంటే ఖరీదైన ఆసుపత్రి పడక మీద ఖర్చయ్యేది. అత్యవసర విభాగాలలో దీర్ఘ నిరీక్షణ వలన 2023లో దాదాపు 14 వేల అదనపు మరణాలు సంభవించి ఉంటాయని అక్కడి అత్యవసర వైద్యుల రాయల్ కాలేజి అంచనా వేసింది.

వృద్ధుల సంరక్షణ ఖర్చుకు జీవితకాల పరిమితి విధించాలని ఆర్థికవేత్త ఆండ్రూ డిల్నాట్ కమిషన్ 2011లో సిఫారసు చేసింది. 2014లో చట్టం కూడా అయింది. 2016లో అమలు కావలసినది 2020కి వాయిదా పడి, ఆపై అటకెక్కింది. బోరిస్ జాన్సన్ ప్రభుత్వం 2021లో దీనిని 86,000 పౌండ్ల పరిమితితో మళ్ళీ పైకి తీసింది. 2023 అన్నారు, 2025కి జరిపారు, చివరకు 2024 జూలైలో కొత్త ప్రభుత్వం డబ్బు లేదని రద్దు చేసింది.

వ్యాధి నివారణకు మండలులకు ఇచ్చే నిధి కూడా 2015 తరువాత నిజ విలువలో నాలుగవ వంతుకు పైగా తగ్గింది. పొగ మానిపించే కేంద్రాలు, లైంగిక ఆరోగ్య కేంద్రాలు, పసిపిల్లల ఇళ్ళకు వెళ్ళి చూసే నర్సులు ఈ నిధిపైనే ఆధారపడి ఉండేవారు. ఇంకొక వైపు 2015లో ఐదేళ్ళలో ఐదువేల మంది జీపీలను అదనంగా చేరుస్తామని ప్రభుత్వం మాట ఇవ్వగా, పూర్తి అర్హత గల జీపీల సంఖ్య పెరగడానికి బదులు తగ్గింది. ఎన్.హెచ్.ఎస్. బడ్జెట్టులో ఆసుపత్రుల వాటా 2006లో 47 శాతం కాగా 2022 నాటికి 58 శాతమైంది. వైద్యాన్ని ఆసుపత్రి నుండి ఇంటి చెంతకు తేవాలని ప్రతి ప్రభుత్వమూ చెబుతూ వచ్చిన కాలమిదే కావడం గమనార్హము.

భవనాలు, యంత్రాలు

ఫ్రాన్సిస్ నివేదిక తరువాత ఆసుపత్రులు నర్సులను హడావుడిగా నియమించుకున్నాయి. దొరకని చోట ఏజెన్సీల ద్వారా ఎక్కువ ధరకు తెచ్చుకున్నాయి. 2015-16లో ట్రస్టుల మొత్తం లోటు 245 కోట్ల పౌండ్లకు చేరింది. రోజువారీ ఖర్చులు గట్టెక్కించడానికి 2014-15 నుండి 2018-19 వరకు భవనాలు, యంత్రాల కొరకు కేటాయించిన నిధి నుండి 430 కోట్ల పౌండ్లు మళ్ళించారు. పైకప్పు మరమ్మతు వాయిదా వేస్తే ఆ ఏడాది ఏ గణాంకాలలోనూ కనిపించదు. పేరుకుపోయిన మరమ్మతుల విలువ 2023-24 నాటికి 1,380 కోట్ల పౌండ్లు. కింగ్స్ లిన్ పట్టణంలోని క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలో నాసిరకపు తేలిక కాంక్రీటు పైకప్పు కూలకుండా వేల సంఖ్యలో ఆసరా గుంజలు నిలబెట్టి వాటి మధ్యనే రోగులకు చికిత్స చేయవలసి వచ్చింది. 2030 నాటికి నలభై కొత్త ఆసుపత్రులు కడతామన్న వాగ్దానంలో కొన్నింటి నిర్మాణం 2035 తరువాతనే మొదలవుతుందని 2025 జనవరిలో ప్రకటించారు.

సిబ్బంది

నర్సింగు విద్యార్థులకిచ్చే ఉపకార వేతనాన్ని 2017లో రద్దు చేసి, ఫీజులు అప్పు తీసుకొని కట్టుకొమ్మన్నారు. కొరత తీవ్రమైన తరువాత 2020లో ఏటా కనీసం 5,000 పౌండ్ల సహాయం ప్రవేశపెట్టారు. లోటును విదేశాల నుండి వచ్చిన వైద్యులు, నర్సులతో పూరించడం ఈ సంస్థకు మొదటి నుండీ అలవాటే. విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాదు వైద్య కళాశాలలలో చదివిన తెలుగు వైద్యులు దశాబ్దాలుగా అక్కడి ఆసుపత్రులలో పనిచేస్తున్నారు. అయితే 2000వ దశకంలో బ్రిటన్ ప్రకటించిన నియామక నియమావళిలో ఒక ఆసక్తికరమైన అంశం ఉంది. బ్రిటన్ అభివృద్ధి సహాయం అందుకుంటున్న ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిషా, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలలో ఎన్.హెచ్.ఎస్. సంస్థలు తమంతట తాముగా నియామకాలు చేపట్టరాదని భారత ప్రభుత్వంతో అవగాహన కుదిరింది. ఒక చేత్తో సహాయం చేస్తూ, మరొక చేత్తో అక్కడి ప్రజల ఖర్చుతో చదివిన సిబ్బందిని తీసుకుపోవడం సబబు కాదన్నది దీని ఆంతర్యం. సొంతంగా దరఖాస్తు చేసుకొనేవారికి ఇది అడ్డంకి కాలేదు.

జీతాల విలువ తగ్గడం వలన సమ్మెలు జరిగాయి. కొత్త ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ జూనియర్ డాక్టర్లు 2016లో సమ్మె చేశారు. నర్సుల రాయల్ కాలేజి తన 106 ఏళ్ళ చరిత్రలో మొదటి దేశవ్యాప్త సమ్మెను 2022 డిసెంబరులో జరిపింది. 2023 మార్చిలో మొదలైన జూనియర్ డాక్టర్ల సమ్మెలు, రెండేళ్ళకు కలిపి సుమారు 22 శాతం పెంపుతో 2024 సెప్టెంబరులో అప్పటికి సద్దుమణిగాయి.

నిరీక్షణ, తదనంతర పరిణామాలు

నాలుగు గంటల లక్ష్యాన్ని ఇంగ్లాండు చివరిసారిగా అందుకున్నది 2015 జూలైలో, 18 వారాల లక్ష్యాన్ని 2016 ఫిబ్రవరిలో. ముందుగా నిర్ణయించిన చికిత్సల కోసం ఎదురుచూసేవారి జాబితా 2010లో సుమారు 25 లక్షలు. 2020 ఫిబ్రవరికి, అంటే కొవిడ్ ప్రభావం పడకముందే, అది 45 లక్షలు దాటింది. 2023 సెప్టెంబరులో సుమారు 77 లక్షల గరిష్ఠాన్ని తాకింది. కనుక ఈ జాబితాకు కొవిడ్ ఒక్కటే కారణమనడం సరికాదు. అయితే పడకలు, సిబ్బంది, యంత్రాలు తక్కువగా ఉన్న స్థితిలో ఆ మహమ్మారి రావడం వలన దెబ్బ మరింత బలంగా తగిలింది.

2024 జూలైలో అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం కోరగా శస్త్రవైద్యుడు అరా డార్జీ అదే ఏడాది సెప్టెంబరులో నివేదిక సమర్పించాడు. ఎన్.హెచ్.ఎస్. పరిస్థితి విషమంగా ఉన్నా మూల సూత్రాలు దృఢంగానే ఉన్నాయని, పెట్టుబడుల లోటు, సామాజిక సంరక్షణ దుస్థితి, 2012 చట్టం దీనికి ముఖ్య కారణాలలో ఉన్నాయని అతడు పేర్కొన్నాడు. సిబ్బంది పెరిగినా చికిత్సలు ఆ మేరకు పెరగకపోవడానికి పడకల, పరికరాల కొరతను చూపాడు. 2025 మార్చిలో ప్రధాని కీర్ స్టార్మర్, 2012 చట్టం సృష్టించిన ఎన్.హెచ్.ఎస్. ఇంగ్లాండును రద్దు చేసి దాని పనులను ఆరోగ్య శాఖలో కలుపుతామని ప్రకటించాడు. 42 సమీకృత మండళ్ళు తమ నిర్వహణ ఖర్చును సగానికి తగ్గించుకోవాలని కూడా అప్పుడే ఆదేశించారు. జూలైలో వెలువడిన పదేళ్ళ ప్రణాళిక చికిత్సను ఆసుపత్రి నుండి ఇంటి పరిసరాలకు, కాగితం నుండి కంప్యూటరుకు, రోగ చికిత్స నుండి నివారణకు మళ్ళిస్తామని చెప్పింది. సామాజిక సంరక్షణ సంగతి ఆ ప్రణాళికలో తేలలేదు. దానిని లూయీస్ కేసీ అధ్యక్షతన వేసిన వేరొక కమిషన్‌కు అప్పగించి, తుది నివేదికకు 2028 వరకు గడువు ఇచ్చారు.